బ్యాలెన్స్ వాళ్ల దగ్గరుంటే మాట మనం పడాలి

(ఆగస్టు 19, ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం నాడు ఒక పట్టణంలో ఫోటో, వీడియోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముహూర్తాల రోజుల్లో పని పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, సంతోషం. రాత్రి రిసెప్షన్ చేసి, మెమరీ కార్డులు కాపీకి పెట్టి, తెల్లవారుజామున కాసేపు పడుకుని ఇటే వచ్చినవాళ్లు కొందరు ముందు వరసలోనే ఉన్నారు. కళ్లు చూస్తే తెలుస్తోంది. (నవ్వులు)

ఏటా ఈ రోజున సీనియర్లకు శాలువాలు కప్పుతాం, కెమెరా కంపెనీవాళ్లు డెమో ఇస్తారు, 1839లో ఫ్రాన్స్‌లో డాగ్యురోటైప్ అనే తొలినాళ్ల ఫోటో పద్ధతిని లోకానికి వెల్లడించిన రోజు ఇదేనని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. ఈసారి అవన్నీ అయ్యాక, మర్యాద లేని కస్టమర్ల గురించి మాట్లాడమన్నారు. మేకప్ చేసే అమ్మాయిలు, డెకరేషన్ వాళ్లు, బొటీక్ నడిపేవాళ్లు కూడా వచ్చారు కాబట్టి వాళ్లకు పనికొచ్చేవీ రెండు మూడు చెబుతాను. ఎక్కువగా మాత్రం పెళ్లి ఫోటోల గురించే మాట్లాడతాను, నాకు తెలిసింది అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన డబ్బు ఎదుటివాళ్ల దగ్గర ఎంత ఉంటే అన్ని మాటలు మనం పడాల్సి వస్తుంది. ఓర్పు కావాలి, మాటతీరు కావాలి, కాదనను. కానీ యాభై వేలు రావాల్సినవాడు ఎంత తియ్యగా మాట్లాడినా ఆ గొంతులో భయం వినిపిస్తుంది. రావాల్సింది ఏమీ లేనివాడు మామూలుగా రెండు ముక్కలు అన్నా అవతలివాళ్లు ఆగి వింటారు.

అయితే ఒక్కటి. గట్టిగా అరిచిన ప్రతివాడినీ మర్యాద లేనివాడి లెక్కలో వేయకండి. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో మనం ఏం చేస్తాం? పోజు లేకుండా తీసే క్యాండిడ్ ఇద్దరు, నిలబెట్టి తీసే ట్రెడిషనల్ ఇద్దరు, వీడియో ఇద్దరు, వెనక లైటు పట్టుకున్న కుర్రాడు, అందరం మండపం చుట్టూ గోడ కడతాం. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలకు మన వీపులు తప్ప పెళ్లి కనపడదు. అప్పుడు పెళ్లికూతురి మేనమామ లేచి "ఏమయ్యా, పెళ్లి మీకా మాకా" అన్నాడనుకోండి, న్యాయంగానే అన్నాడు. పంతులుగారు విసుక్కున్నా అంతే. ముహూర్తం దాటిపోతుంటే మనం "ఇంకొక్కసారి పెట్టండి, ఇటు చూసి పెట్టండి" అంటాం. ఆయన విసుక్కోక ఏం చేస్తాడు?

దీనికి మందు పెళ్లికి ముందే ఉంది. పంతులుగారు రాగానే వెళ్లి నమస్కారం పెట్టి, ఏ ఘట్టంలో ఎక్కడ నిలబడితే ఆయనకు ఇబ్బంది ఉండదో అడగండి. రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఆయనే "ఫోటోగ్రాఫర్ గారూ, తాళి ఎత్తుతున్నాం, చూసుకోండి" అంటారు. అలాగే ఇరు వైపుల నుంచీ ఒక్కొక్కరిని అడిగి పెట్టుకోండి. గ్రూప్ ఫోటోలకు ఎవరిని పిలవాలన్నా, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియాలన్నా వాళ్లే దిక్కు. "మా పెద్దత్తయ్య ఫోటో లేదు" అనే గొడవలో సగం అక్కడే తీరుతుంది. పెద్దత్తయ్య ఎవరో మనకెలా తెలుస్తుంది చెప్పండి? (నవ్వులు)

పెళ్లి రోజు పెళ్లికూతురి తండ్రి ఎవరినైనా ఏదైనా అంటాడు. కూతురి పెళ్లి, నెత్తిన అప్పు, అవతల వియ్యంకుడి అలక. ఆ టెన్షన్‌లో మనం ఎదురుగా కనపడ్డాం, అన్నాడు. మర్నాడు ఆయనకు గుర్తు కూడా ఉండదు. మనమూ పెట్టుకోనక్కర్లేదు.

ఇలా టెన్షన్‌లో అరిచేవాళ్లు ఒక రకం. రెండో రకం, అలవాటుగా "ఏరా, ఏమయ్యా" అనేవాళ్లు. ఇందులోనూ తేడా చూడాలి. మా వైపు పెద్దవాళ్లు సొంత మేనల్లుడినీ, ఊళ్లో సర్పంచ్‌నీ ఒకేలా "ఏరా" అంటారు. అది వాళ్ల నోటి తీరు. కానీ ఒకాయన డెకరేషన్ కంపెనీ మేనేజర్‌ని "సర్" అంటాడు, ఫంక్షన్ హాలు ఓనర్‌ని "గారూ" అంటాడు, మన దగ్గరకు వచ్చేసరికి "నువ్వు" అయిపోతాం. అది నోటి తీరు కాదు, మనల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ఆయన తేల్చుకున్నాడని అర్థం.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం ఆలోచించాలి. మన పల్లెల్లో వృత్తి పనివాళ్లకు ఏ పనికి ఆ పని డబ్బు ఇచ్చే పద్ధతి ఉండేది కాదు. వడ్రంగి, కమ్మరి, బట్టలు ఉతికేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు ఏడాది పొడుగునా పనిచేస్తే, పంట చేతికొచ్చాక రైతులు కళ్లంలో మేర, అంటే వాళ్ల వాటా గింజలు, కొలిచి ఇచ్చేవాళ్లు. ఏడాది కష్టం ఆ గింజల్లోనే ఉంది. కాబట్టి కళ్లం రోజు దాకా ఎవరు ఏమన్నా నోరెత్తడానికి లేదు. ఇప్పుడు మన లెక్క చూడండి. ఐదు వేలు అడ్వాన్స్ తీసుకుని లక్షన్నర పని ఒప్పుకుంటాం. మిగతాది ఆల్బమ్ ఇచ్చినప్పుడు. ఆల్బమ్ నాలుగు నెలలకో ఆరు నెలలకో అవుతుంది. మేర పోయింది గానీ ఆ పద్ధతిని మనమే భుజాన వేసుకుని మోస్తున్నాం.

సరే, అలా పిలిచేవాళ్లతో ఏం చేయాలి? మీరు మాత్రం "అండీ" వదలకండి. "చెప్పండి సర్, చేద్దామండీ." నెమ్మదిగా, మొహంలో నవ్వు ఎక్కువా తక్కువా కాకుండా. చాలామంది నాలుగో మాటకు "మీరు"లోకి వస్తారు. రానివాళ్లు రారు. మన కుర్రాళ్లను అంటే మాత్రం ఊరుకోవద్దు. "మా అబ్బాయిని ఏమీ అనకండి, ఏదున్నా నాతో చెప్పండి" అని అక్కడికక్కడే అనాలి. ఇంకో సంగతి, చెబితే కొందరికి కోపం వస్తుంది. కస్టమర్ ముందు లైట్‌బాయ్‌ని మనమే బూతులు తిడతాం. ఈ మనిషిని తిట్టవచ్చు అని కస్టమర్‌కు నేర్పింది ఎవరు మరి? (చప్పట్లు)

భోజనం సంగతి కూడా ఇందులోదే. పొద్దున నాలుగింటికి పెళ్లికూతుర్ని చేసేటప్పటి నుంచి నిలబడి ఉంటాం, మధ్యాహ్నం మూడున్నరకు వెళితే కూర అయిపోయిందంటారు. కొటేషన్‌లోనే "మా టీమ్ ఆరుగురికి టిఫిన్, భోజనం" అని ఒక లైను రాయండి. రాసినచోట క్యాటరింగ్ వాళ్లకు ముందే లెక్క వెళుతుంది. సిగ్గుపడేదేమీ లేదు.

ఇక అసలు రకం. తిట్టు కూడా బేరమే అయినవాళ్లు. వీళ్లకు కోపం రాదు, తెచ్చుకుంటారు. ఆల్బమ్ డిజైన్ అయ్యేదాకా అంతా బాగుంటుంది, "సూపర్ తమ్ముడూ" అంటారు. బ్యాలెన్స్ అడిగిన రోజున మొదలవుతుంది. కలర్ బాగాలేదు, మా వియ్యపురాలు కళ్లు మూసుకుంది, డ్రోన్ షాట్లు తక్కువ, పక్కింటివాళ్లకు ఇంతకంటే తక్కువలో చేశారు. చివరికి ఎక్కడికి వస్తుంది? "ఇరవై వేలు తగ్గించుకో, ఆల్బమ్ పట్టుకెళతాం."

మనకే ఎందుకు ఇలా అవుతుంది? వంటవాళ్లు ఆ రాత్రే లెక్క చూసుకుని గిన్నెలు లారీ ఎక్కిస్తారు. మేళం వాళ్లు పల్లకీ దిగగానే డబ్బు తీసుకుంటారు. ఫంక్షన్ హాలువాడు ముందే మొత్తం కట్టించుకుంటాడు. పెళ్లయ్యాక కూడా పని మిగిలి ఉండేది మనకొక్కరికే. ఆ ఇంట్లో డబ్బు అయిపోయాక మన వంతు వస్తుంది. ఆ తండ్రి దగ్గర నిజంగానే ఉండదు. లేదని చెప్పడానికి మొహం చెల్లదు, అందుకని ఫోటోల్లో తప్పు వెతుకుతాడు. ఇది అర్థమైతే ఆయన మీద కోపం తగ్గుతుంది. మన పద్ధతి మీద కోపం రావాలి.

అందుకని నేను పాటించేది చెబుతాను. డేట్ బ్లాక్ చేసే రోజున మొత్తంలో మూడోవంతు. అది రాకపోతే డేట్ రాసుకోను, ఎంత తెలిసినవాళ్లయినా. పెళ్లికి ముందు, పెళ్లికూతుర్ని చేసే రోజుకల్లా ఇంకో సగం. మిగిలిన కాస్త, ఆల్బమ్ ల్యాబ్‌కు వెళ్లే ముందు. సెలక్షన్ ఇచ్చారు, డిజైన్ ఫోన్‌లో చూశారు, బాగుందన్నారు, డబ్బు వేశారు, అప్పుడే ప్రింటింగ్. ఆల్బమ్ చేతికిచ్చే రోజున అడగడానికి నా దగ్గర ఏమీ ఉండకూడదు. ఆ రోజు కాఫీ తాగి రావడమే. ల్యాబ్‌వాడు మన దగ్గర ముందే తీసుకుంటున్నాడు కదా, మనం ఎందుకు అరువివ్వాలి?

పెళ్లింట్లో డబ్బు ఎవరిని అడగాలి అని కుర్రాళ్లు అడుగుతుంటారు. తండ్రిని అడగకండి. సంచి పట్టుకుని తిరిగే మనిషి ఒకరుంటారు, బాబాయో, మేనమామో. బుకింగ్ రోజే "డబ్బు సంగతి ఎవరితో మాట్లాడమంటారండీ" అని అడిగితే పేరు, నంబరు వాళ్లే ఇస్తారు.

రెండోది, రాత. ఒప్పందం అంటే స్టాంపు పేపర్ అనుకోకండి. వాట్సాప్ చాలు. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా, పెట్టేశాక ఒక మెసేజ్ పెట్టండి: "నమస్కారమండీ. ఇందాక అనుకున్న ప్రకారం సంగీత్ సాయంత్రం ఆరు నుంచి పదిన్నర వరకు, ఒక వీడియో, ఒక క్యాండిడ్. అదనంగా పన్నెండు వేలు. సరేనంటే సరే అని పెట్టండి." వాళ్లు బొటనవేలు గుర్తు పెట్టినా మంచిదే. ఆల్బమ్ ఎన్ని షీట్లు, మార్పులు ఎన్నిసార్లు, టీజర్ ఎన్నాళ్లకు, అన్నీ అందులో ఉండాలి. మార్పులు నేను రెండుసార్లు అని రాస్తాను. రాయకపోతే అమెరికాలో ఉన్న ఆడపడుచు దాకా వెళుతుంది, అక్కడి నుంచి రాత్రి రెండింటికి వాయిస్ మెసేజ్ వస్తుంది. (నవ్వులు)

ఫోన్‌లో అరుస్తుంటే? అడ్డు రాకండి. మనిషి అలుపు లేకుండా ఎంతసేపు అరుస్తాడు? ఆగినప్పుడు ఒక్కటే అడగండి: "ఏ ఫోటో అండీ? నంబరు చెబుతారా, రాసుకుంటాను." నిజంగా బాధ ఉన్నవాళ్లు నంబర్లు చెబుతారు, అది మనకు పని. బేరం కోసం అరిచేవాళ్ల దగ్గర నంబర్లు ఉండవు. "అన్నీ బాగాలేవు" అంటారు. "సరేనండీ, చూసి లిస్టు పంపండి, వచ్చాక కూర్చుందాం" అని పెట్టేయండి. రాత్రి పదకొండింటికి వస్తే ఎత్తకండి. "రేపు పదింటికి నేనే చేస్తాను" అని మెసేజ్ పెట్టి, పదింటికి చేయండి. చేయాలి సుమా. చేయకపోతే వాడు అరవడం న్యాయం అవుతుంది.

మన పని నిజంగా చెడినప్పుడు సంగతి వేరు. కార్డు పాడై తలంబ్రాలు రికార్డు కాలేదనుకోండి, ఆ ఇంటివాళ్లు ఎన్ని మాటలన్నా తక్కువే. అలాంటిచోట పద్ధతులు, మెసేజ్‌లు చూపించకూడదు. డబ్బు ఎంత వెనక్కి ఇస్తామో మనమే ముందు చెప్పాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వాళ్లు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు, ఫోటోగ్రాఫర్ల మీద అలాంటి కేసులు నడిచాయి కూడా. రెండు కార్డు స్లాట్లు ఉన్న కెమెరాలో ఒక్క కార్డు పెట్టి పెళ్లి తీసేవాళ్లు ఈ హాల్లో ఉంటే దయచేసి ఈ రాత్రే మానండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి మరికొన్ని. మనలో చాలామంది "డబ్బివ్వకపోతే డేటా డిలీట్ చేస్తా" అంటారు. ఆ మాట ఎప్పుడూ అనకండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫోటోల మీద, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కు తీయించుకున్నవాళ్లదే. మన ఇన్‌స్టాలో వాళ్ల పెళ్లికూతుర్ని పెట్టుకోవాలన్నా ముందే రాయించుకోవాలి. డేటా డిలీట్ చేస్తానని మెసేజ్ పెట్టామా, మన చేత్తో మనమే వాళ్లకు సాక్ష్యం ఇచ్చినట్టు.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది. 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్. ఒకరి వస్తువు తీసుకుని దాని మీద మన పనితనం పెడితే, కూలి ఇచ్చేదాకా ఆ వస్తువు మన దగ్గర ఉంచుకునే హక్కు ఉంది. చట్టంలోనే రెండు ఉదాహరణలు ఇచ్చారు. నగల పనివాడికి పచ్చి వజ్రం సాన పట్టమని ఇస్తే, డబ్బు ఇచ్చేదాకా రాయి ఉంచుకోవచ్చు. టైలర్‌కు కోటు కుట్టమని గుడ్డ ఇచ్చారు, అయితే ఆ టైలర్ "కుట్టగానే ఇచ్చేస్తాను, డబ్బు మూడు నెలలకు ఇవ్వండి" అన్నాడు. అతను కోటు ఆపుకోవడానికి లేదు. చూడండి, పనితనంలో తేడా ఏముంది? "తర్వాత ఇవ్వండి లెండి" అన్నందుకు టైలర్ హక్కు పోయింది. బొటీక్ వాళ్లు, పాత ఫోటోలు బాగుచేసే స్టూడియోవాళ్లు ఇది గోడ మీద రాసుకోవచ్చు.

కంపెనీలు, స్కూళ్లు, రియల్ ఎస్టేట్ వెంచర్ల పని చేసేవాళ్లు, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, ఉచితం. డబ్బు అడిగేవాడు బ్రోకర్. పని మొదలుపెట్టేనాటికే ఉండటం క్షేమం. 2006 ఎంఎస్ఎంఈ, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం రాసుకున్న ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా కట్టాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ఇలాంటి బాకీలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇంకో మెలిక కూడా వచ్చింది. చిన్న సంస్థలకు గడువులో కట్టని బిల్లును, కట్టేదాకా, పని చేయించుకున్న కంపెనీలు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా తగ్గించుకోలేవు. వాళ్ల ఆడిటర్‌కు ఇది బాగా తెలుసు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు చూశాక అకౌంట్స్ సెక్షన్‌లో గొంతు మారుతుంది.

ఇళ్ల దగ్గర రావాల్సిన బాకీలకు కోర్టు అంటే భయం వేస్తుంది, ఖర్చూ ఎక్కువే. మండల న్యాయసేవా కమిటీలో అర్జీ ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు తీసుకెళ్లవచ్చు. ఫీజు లేదు. అవతలివాళ్లకు నోటీసు వెళుతుంది. రాజీ కుదిరితే అక్కడ ఇచ్చే తీర్పుకు, అంటే అవార్డుకు, అప్పీలు లేదు. నోటీసు అందగానే సగం మంది ఫోన్ చేస్తారు. మూడేళ్లు దాటనివ్వకండి, ఆ తర్వాత దావాకు కాలపరిమితి అయిపోతుంది.

వదులుకోవాల్సిన కస్టమర్లూ ఉంటారు. మొదటి మీటింగ్‌లోనే పాత ఫోటోగ్రాఫర్‌ని నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు, అడ్వాన్స్ మాట రాగానే "మా మీద నమ్మకం లేదా" అనేవాళ్లు, మాట్లాడుకున్నది రాస్తానంటే నొచ్చుకునేవాళ్లు. "ఆ తేదీకి టీమ్ ఖాళీ లేదండీ" అని మర్యాదగా చెప్పేయండి. పని మధ్యలో తెంచుకోవాల్సి వస్తే, చేసిన పనికి లెక్క వేసి, మిగతాది తిరిగిచ్చి, డేటా మొత్తం ఇచ్చేసి, తీసుకున్నట్టు మెసేజ్ పెట్టించుకోండి. గూగుల్‌లో ఒక్క స్టార్ ఇస్తే రెండు లైన్లలో ఒకేసారి జవాబు రాయండి. వాళ్లింటి విషయాలు అందులో ఎత్తకండి.

మండపం నుంచి మాత్రం ఎవరు ఏమన్నా దిగి వెళ్లకండి. ముహూర్తం మళ్లీ రాదు. ఆ పిల్లా పిల్లాడు మనల్ని ఏమీ అనలేదు. పని ముగించి, మర్నాడు తేల్చుకోండి.

దీనికి ఒక్క మినహాయింపు. ఇక్కడున్న అమ్మాయిలకు చెబుతున్నాను. సంగీత్‌లోనో బరాత్‌లోనో తాగినవాడు చేయి వేసినా, వెకిలి మాట అన్నా, ముహూర్తం అడ్డం రాదు. సామాను సర్దుకుని వెళ్లిపోండి, 112కు ఫోన్ చేయండి, తెలంగాణలో అయితే షీ టీమ్స్ ఉన్నాయి. టీమ్ తీసుకొచ్చినవాడు వాళ్లతోపాటే బయటికి రావాలి, "ఒక్క గంట ఓర్చుకోమ్మా" అనకూడదు. కులం పేరుతో నలుగురిలో తిట్టినా అంతే. దళిత, గిరిజన సోదరులకు 1989 అట్రాసిటీ చట్టం ఉన్నది అందుకే.

ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పు తమ్ముడూ, గట్టిగా.

(సభలోంచి: మీరు చెప్పినట్టు మూడోవంతు అడిగితే, ఎదురు షాపతను వెయ్యి రూపాయలకే డేట్ రాసుకుంటున్నాడండీ.)

అసలు కష్టం అదే, నిజం. ఆషాఢం, మూఢం వచ్చాయంటే రెండు మూడు నెలలు పెళ్లి ఉండదు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి. చేతిలో ఏమీ లేనివాడు వెయ్యికైనా ఒప్పుకుంటాడు, అతన్ని తప్పు పట్టను. సీజన్‌లో వచ్చినదాంట్లో ఆ నెలల ఖర్చు పక్కన పెట్టుకుంటేనే ఎవరికైనా "కుదరదండీ" అనే ధైర్యం వస్తుంది. ఇంకొకటి, ఒక్కడు మారితే లాభం లేదు. మన ఊళ్లో అందరం ఒకే కొటేషన్ ఫారం వాడదాం, అడ్వాన్స్ లైను అందులో అచ్చులోనే ఉంటుంది. "మా సంఘం రూలండీ" అంటే మీ నోటి నుంచి అడిగినట్టు ఉండదు. ధర ఎవరిష్టం వాళ్లది, దాని జోలికి పోవద్దు. నమూనా ఒకటి టైప్ చేయించి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. భోజనం లైను కూడా పెట్టాను. మీ ఎదురు షాపతనికీ ఒకటి పట్టుకెళ్లు. (నవ్వులు) వాడే ముందు పైన నా స్టూడియో పేరు కొట్టేసి మీ పేరు వేసుకోండి.